రోడ్‌సైడ్ యూనిట్ల వద్ద సందేశాల రద్దీ

కూడలిలో స్తంభానికి బిగించిన రోడ్‌సైడ్ యూనిట్, సిగ్నల్ ఎన్ని సెకన్లలో మారుతుందో, ముందు దారిలో ఏ ప్రమాదం పొంచి ఉందో రేడియో ద్వారా వాహనాలకు తెలుపుతూ, అవి పంపే సమాచారాన్ని అందుకుంటూ ఉంటుంది. చిక్కేమిటంటే ఆ రేడియో ఛానల్ ఉమ్మడిది; ఒకరు ప్రసారం చేస్తున్నంతసేపూ వినికిడి దూరంలోని తక్కినవారంతా ఆగాల్సిందే.

చిన్న లెక్క వేసి చూద్దాం. స్థానం, వేగం, దిశ తెలిపే సందేశం పంపినది అసలైన వాహనమేనని రుజువు చేసే భద్రతా ధ్రువపత్రంతో కలిపి 300 బైట్లనుకుంటే, సెకనుకు 6 మెగాబిట్లు మోసే ఛానల్‌పై దానికి 0.4 మిల్లీసెకన్లు పడుతుంది. 200 వాహనాలు సెకనుకు 10 సార్ల చొప్పున పంపితే, ప్రతి సెకనులోనూ 0.8 సెకను వాటికే పోతుంది. సందేశాల మధ్య వదలవలసిన విరామాలు ఇందులో కలపనే లేదు. పైగా ఒకదాని ప్రసారం మరొకదానికి వినిపించనంత ఎడంగా ఉన్న రెండు వాహనాలు ఒకేసారి పంపితే, నడుమనున్న యూనిట్ వద్ద రెండు సందేశాలూ చెడిపోవచ్చు. అందరికీ ఉద్దేశించిన ప్రసారానికి అందినట్టు జవాబు రాదు కనుక, సందేశం పోయిందన్న సంగతి పంపిన వాహనానికి తెలియదు.

యూనిట్లను పెంచితే సరిపోతుందనుకోవడం పొరపాటు. అదే ఛానల్‌పై, అదే పరిధిలో వచ్చే కొత్త యూనిట్ రద్దీని మరింత పెంచుతుంది. స్పెక్ట్రమ్, అంటే ప్రసారాలకు కేటాయించే రేడియో తరంగాల పట్టీ, పెరుగుతుందనీ భరోసా పెట్టుకోలేం: అమెరికాలో 1999లో 5.9 గిగాహెర్ట్జ్ వద్ద వాహనాలకు కేటాయించిన 75 మెగాహెర్ట్జ్‌ను 2020లో 30కి కుదించారు.

అందుకే అనవసర ప్రసారాన్ని తగ్గించడమే అసలు మార్గమని నా అభిప్రాయం. ఐరోపా ప్రమాణం ప్రకారం వాహనం 4 మీటర్లకు మించి కదిలినా, దిశ 4 డిగ్రీలకు మించి మారినా, వేగంలో సెకనుకు 0.5 మీటర్లకు మించి తేడా వచ్చినా కొత్త సందేశం పుడుతుంది. లేకపోతే సెకనుకు ఒకటి చాలు. ట్రాఫిక్‌లో నిలిచిపోయిన వాహనాలు ఈ పద్ధతిలో తమంతట తామే మాట తగ్గిస్తాయి, హఠాత్తుగా బ్రేకు వేసిన వాహనం మాత్రం వెంటనే చెప్పగలుగుతుంది. ఛానల్ ఎంతసేపు నిండి ఉంటోందో కొలుచుకుని, ప్రసార శక్తిని తగ్గించే పద్ధతులూ ఉన్నాయి.

వాహనాలు డేటా అడిగినప్పుడు యూనిట్ వద్ద ఏర్పడే వరుస వేరే సమస్య. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం 600 మీటర్ల పరిధిని 24 సెకన్లలో దాటేస్తుంది. ముందు అడిగినవారికే ముందు ఇస్తే, వంతు వచ్చేసరికి చాలామంది పరిధి దాటిపోతారు. గడువు దగ్గరపడిన చిన్న అభ్యర్థనలను ముందుకు జరపడం, పలువురు కోరిన మ్యాప్‌ను ఒకే ప్రసారంలో అందరికీ ఇవ్వడం, ఒక వాహనానికి అందకుండా మిగిలిన డేటాను అది వెళ్లే దారిలో ఖాళీగా ఉన్న తరువాతి యూనిట్‌కు అప్పగించడం ఇక్కడ పనికొచ్చే ఉపాయాలు.