వలలో పడిన ముద్దకు కోట్ల ధర కట్టిందెవరు?

తిమింగలం కడుపులో తయారయ్యే, మన దేశంలో అమ్మకం నిషిద్ధమైన అంబర్‌గ్రిస్ అనే మైనపు ముద్ద విషయంలో అరెస్టుల వార్త వచ్చిందంటే చెన్నై కాశిమేడు రేవులో గుబులు మొదలవుతుంది. నెల్లూరు, శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడి పడవల మీద పనిచేసే మనవాళ్లు అడిగేది ఒకటే: సముద్రంలో తేలుతూ దొరికినదాన్ని ఒడ్డుకు తెస్తే దొంగలమైపోతామా?

స్పెర్మ్ తిమింగలం కడుపులో ఆ మైనపు ముద్ద ఎలా తయారవుతుందో, అత్తర్లలో ఎందుకు వాడతారో చాలామందికి తెలుసు. నా దృష్టిలో అసలు మలుపు 2021. ఆ జూన్‌లో బెంగళూరు పోలీసులు 6.7 కిలోలు పట్టుకుని విలువ 8 కోట్లన్నారు. ఆగస్టులో అక్కడి పోలీసుల నేర విభాగం సీసీబీ 80 కిలోలు పట్టుకుంది. 80 కోట్లని ప్రకటించారు. అంటే కిలో కోటి! ఈ సరుకు చట్టబద్ధంగా అమ్ముడయ్యే వీలే లేని దేశంలో ఆ ధర ఊరూరా పాకింది. 2023లో తూత్తుకుడి దగ్గర కేంద్ర రెవెన్యూ నిఘా సంస్థ డీఆర్ఐ పట్టుకున్న 18.1 కిలోలకు కట్టిన విలువ 31.67 కోట్లు. కిలో కోటీ డెబ్బై అయిదు లక్షలకు చేరిందన్నమాట. దళారులకు ఇంతకంటే ప్రచారం ఏం కావాలి?

నిజానికి పరిమళ పరిశ్రమ దీని మీదే బతకడం లేదు. క్లారీ సేజ్ మొక్క నుంచి వచ్చే స్క్లారియోల్‌తో అదే వాసననిచ్చే అంబ్రాక్స్‌ను ఫిర్మెనిష్ సంస్థ రసాయనవేత్తలు 1950లోనే తయారుచేశారు.

అమ్మకాన్ని అనుమతిస్తే తిమింగలాల వేటకు దారి తెరిచినట్టేనన్నది నిషేధాన్ని సమర్థించేవారి వాదన. అందులో న్యాయముంది. అయితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 39వ సెక్షన్‌లోనే ఒక దారి ఉంది. ప్రభుత్వ ఆస్తిగా లెక్కకొచ్చే వన్యప్రాణి వస్తువు చేతికి వస్తే 48 గంటల్లోగా సమీప పోలీస్ స్టేషన్‌కు గానీ, అధీకృత అధికారికి గానీ తెలపాలి. 2022 జులైలో కేరళలోని విళింజం మత్స్యకారులు 28.4 కిలోల ముద్దను తీరరక్షక పోలీసులకు స్వయంగా అప్పగించారు. అక్కడి నుంచి అది అటవీశాఖకు చేరింది.

కోట్ల విలువను మైకుల ముందు చదివే అధికారులు ఆ 48 గంటల గడువును కూడా అంతే గట్టిగా చెప్పాలి. కాశిమేడులో తమిళంతో పాటు తెలుగులోనూ బోర్డు పెట్టాలి. ముద్దను ఎవరికి అప్పగించాలో, అప్పగించినవాడి చేతికి ఏ రసీదు ఇస్తారో దాని మీద రాయాలి.