మడ అడవుల్ని నిలబెట్టేదెవరు? కొన్ని అపోహలు, వాస్తవాలు

గోదావరి డెల్టాలో మడ అడవుల (తీరంలో ఉప్పునీటి బురదలో పెరిగే అడవుల) గురించి ఏ మీటింగ్ జరిగినా ఒక మాట తప్పకుండా వస్తుంది. "ఊరివాళ్ళని లోపలికి రానివ్వకుండా ఉంటే చాలండీ, అడవి దానంతటదే లేస్తుంది." బాగా చదువుకున్నవాళ్ళు కూడా ఇదే అంటారు. ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ మాటే కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: వంటచెరకు కొట్టి, గేదెల్ని మేపి ఊరివాళ్ళే మడను నాశనం చేశారు.

కొట్టడం, మేపడం ఉన్నమాటే. కానీ ఎకరాలకు ఎకరాలు బోడి నేలగా మారడం వెనక తరచుగా ఉండేది నీటి సమస్య. తమిళనాడులోని పిచ్చావరంలో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ తేల్చింది ఇదే. గత శతాబ్దంలో దశాబ్దాల పాటు అక్కడ కూపులవారీగా, అంటే అడవిని ముక్కలుగా విడదీసి ఒక్కో ముక్కలో చెట్లన్నీ నరికించింది అటవీశాఖే. నీడ పోయి బురద ఎండింది. ఎండిన నేల కుంగి పళ్ళెంలా తయారైంది. సముద్రపు పోటుకు ఎక్కిన నీరు పాటుకు, అంటే నీరు వెనక్కి తగ్గే వేళకి, దిగక అక్కడే ఆవిరై, ఉప్పు పేరుకుపోయింది. అలాంటి చోట ఊరివాళ్ళని ఎంత దూరం తరిమినా మొక్క లేవదు.

మందు కూడా నీళ్ళలోనే ఉంది. పెద్ద కాలువ తవ్వి, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్లకాలువలు తీసి, నీరు రోజూ వచ్చిపోయేలా చేయాలి. చేపముల్లు పద్ధతి అనేది దీన్నే. మన కృష్ణా, గోదావరి డెల్టాల్లోనూ ఇలాగే చేశారు. కాలువ వాలు మీద తెల్ల మడ అనే రకం చెట్టు నిలదొక్కుకుంటుంది.

అయితే ఆ కాలువలు పూడిపోతూనే ఉంటాయి. పూడిక తీయకపోతే ఉప్పు మళ్ళీ పేరుకుంటుంది. ప్రాజెక్టు డబ్బు అయిపోయాక ఆ పని ఎవరు చేస్తారు? పీతల కోసం, రొయ్యల కోసం ఆ బురదలో రోజూ దిగేవాళ్ళే. వాళ్ళని బయటే నిలబెడితే కాలువ పూడిన సంగతి చెప్పే మనిషి కూడా ఉండడు.

అపోహ: కూలి ఇచ్చి మొక్కలు నాటిస్తే అదే ప్రజల భాగస్వామ్యం.

కాదు. కాలువ ఎక్కడ తీయాలో అడిగినప్పుడే భాగస్వామ్యం మొదలైనట్టు. ఒకచోట సర్వే చేసి ముగ్గుతో గీత వేసి ఉంది. వేటకెళ్ళే ఒక పెద్దాయన ఆ గీత మీద నిలబడి, "పోటు ఇటునించి రాదు బాబూ, అదిగో ఆ పాత ఏటి మొగలోంచి వస్తది" అన్నారు. పోటు వేళకి వెళ్ళి చూస్తే నీరు అటునించే వచ్చింది, గీత మార్చారు. మొదటి గీత ప్రకారమే తవ్వి ఉంటే డబ్బు బురదలో పోసినట్టయ్యేది.

ఇంకోటి, మీటింగులు ఉదయం పదకొండుకి పెట్టి ఆడవాళ్ళు రాలేదంటారు. ఆ వేళకి పాటు ఉంటే వాళ్ళు పీతల దగ్గర ఉంటారు. పోటుపాట్లు చూసుకుని టైమ్ పెట్టండి, వస్తారు.

అపోహ: మడను కాపాడటానికి ఊళ్ళో వేసే సమితిలో సంతకం పెడితే చేపల వేట ఆపేస్తారు, భూమి లాగేసుకుంటారు.

ఈ టెన్షన్ నాకు అర్థమవుతుంది. పూట గడవడమే ఆ ఏటి మీద ఉన్నప్పుడు భయం ఉండదా? కానీ సభ్యత్వం తీసుకున్నంత మాత్రాన పట్టా భూమి ఎటూ పోదు. కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవి 1978 నుంచీ అభయారణ్యం. అక్కడి నిబంధనలు సంతకం పెట్టినా పెట్టకపోయినా వర్తిస్తాయి. సంతకం కన్నా ముందు మైక్రోప్లాన్‌ని (ఆ ఊరి అడవి పనుల ప్రణాళికని) ఊరందరి ముందు తెలుగులో చదివించుకోండి. వేట దారులు, పడవలు కట్టే చోట్లు అందులో ఉన్నాయో లేదో చూడండి, లేకపోతే రాయించండి. 2006 అటవీ హక్కుల చట్టం చేపల మీద సామూహిక హక్కును గుర్తిస్తుంది. గిరిజనేతరులైతే మూడు తరాల, అంటే 75 ఏళ్ళ నివాసం చూపించాలి. వాట్సాప్‌లో వచ్చే పుకార్లని నమ్మి సమితికి దూరంగా ఉంటే, ప్లాన్‌లో మీ దారి రాయించేవాళ్ళే ఉండరు.

అపోహ: ఎన్ని మొక్కలు నాటితే అంత అడవి.

ఎప్పుడూ నీళ్ళలో మునిగి ఉండే నేలలో నాటితే చస్తాయి. నీటి దారి సరిచేస్తే చాలాచోట్ల విత్తనాలు పోటుతో కొట్టుకొచ్చి వాటంతటవే మొలుస్తాయి.

అపోహ: మడ ఉంటే తుఫానుకి భయం లేదు.

1999 తుఫానులో ఒడిశా కేంద్రపడా జిల్లాలో మడ దట్టంగా ఉన్న ఊళ్ళలో ప్రాణనష్టం తగ్గింది నిజమే. తగ్గింది, అంతే. హెచ్చరిక వస్తే పిల్లల్ని తీసుకుని తుఫాను షెల్టర్‌కి వెళ్ళాల్సిందే.