శరత్తు ఎండ, గోడలోని చెమ్మ

అక్టోబరు సగానికొచ్చేసరికి నైరుతి రుతుపవనాలు తప్పుకుంటాయి. గోదావరి లంకల్లో రెల్లు తెల్లగా పూస్తుంది, సార్వా చేలు కంకి మీదకొస్తాయి. నెలల తరబడి కురిసిన వానలు గాల్లోని దుమ్మును కడిగేస్తాయి కాబట్టి, గాలి అణువులు చెదరగొట్టే నీలికాంతి తేటగా కంటికి చేరుతుంది. ఆకాశం అంత నీలంగా ఉండేది అందుకే. అరుగు మీద కూర్చుని తనివితీరా చూడాల్సిన రోజులివి. ఇంటిని చలికాలానికి సిద్ధం చేసుకోవాల్సిందీ ఈ ఎండలోనే.

డెల్టాలో చలికి ఓ దుప్పటి చాలు. ఇంటిని పాడుచేసేది చెమ్మ. చుట్టూ కాలువలు, చెరువులు, వరిచేలు. నేలలో నీరు పైపైనే ఉంటుంది, ఇటుకలోని సన్నని రంధ్రాల గుండా గోడలోకి ఎగబాకుతుంది. పాత ఇళ్లలో గోడ అడుగు భాగం చూడండి, సున్నం పొక్కి తెల్లటి పొడి రాలుతుంటుంది. వేలితో గీస్తే నూగులా అంటుకుంటుంది. నీటితో పాటు బయటికొచ్చిన లవణాలవి, నీరు ఆవిరైపోగా అవి మిగిలాయి.

ఘనమీటరు గాలి 30 డిగ్రీల దగ్గర సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు. 20 డిగ్రీలకు దిగితే 17 గ్రాములే. కార్తీక మాసపు రాత్రి మబ్బు లేకపోతే నేల వేడి త్వరగా పైకి పోతుంది, గాలి చల్లబడుతుంది, మిగులు ఆవిరి గడ్డి మీదా బండి సీటు మీదా మంచుగా దిగుతుంది. తెల్లవారుజామున పరుపులు బయట వేస్తే ఆరకపోగా ఇంకాస్త చెమ్మ పీలుస్తాయి. పది దాటాక వెయ్యండి, బీరువా తలుపులు, కిటికీలు కూడా అప్పుడే బార్లా తియ్యండి. పొద్దు వాలకముందే అన్నీ మూసెయ్యాలి. దుప్పట్లలో చేరే కంటికి కనిపించని పురుగులు గాల్లోని తేమ మీదే బతుకుతాయి, బాగా ఎండితే నిలవలేవు.

చెమ్మ గోడకు ప్లాస్టిక్ పెయింట్ వేస్తే లోపలి తడికి దారి మూసుకుపోయి పొరలుగా లేచిపోతుంది. పాత ఇళ్లకు నా ఓటు సున్నానికే. అది తడిని బయటికి పోనిస్తుంది. పైగా కొత్త సున్నం గట్టి క్షారం, దాని మీద బూజు సులువుగా పట్టదు.

అక్టోబరు, నవంబరు తుఫాన్ల నెలలు కూడా. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకు కోనసీమ కొబ్బరితోటలు ఎలా నేలకూలాయో ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. జారిన పెంకులు సర్దుకోవడం, ఇంటి మీదికి వాలిన ఎండు మట్టలు తీయించడం వాయుగుండం కబురు రాకముందే అయిపోవాలి.

తర్వాత సార్వా కోతలు. కోసినప్పుడు ధాన్యంలో తేమ తరచుగా 20 శాతం దాటి ఉంటుంది, 14 శాతానికి దిగేదాకా ఎండబెట్టాలి. లేకపోతే గింజలు వేడెక్కి బూజు పడతాయి. ఎండిన ధాన్యాన్ని కూడా వట్టి గచ్చు మీద పెట్టకండి. బస్తాల కింద చెక్కలు వేసి, గోడకు జానెడు ఎడంగా పేర్చండి.