బుధవారం పొద్దున కంప్యూటర్ ఎందుకు మొరాయిస్తుంది?

జూన్ వచ్చిందంటే నల్లగొండ క్లాక్ టవర్ చుట్టుపక్కల జిరాక్స్ సెంటర్లకు ఊపిరాడదు. ఇన్‌కమ్, క్యాస్ట్, బోనఫైడ్, టీసీ, ఆధార్, అన్నీ మూడేసి కాపీలు కావాలి, అదీ ఇప్పటికిప్పుడే కావాలి. సరిగ్గా ఆ సమయానికే పక్క సిస్టం మీది పిల్లగాడు "అన్నా, ప్రింట్ వస్తలేదు" అంటాడు. ఇక తంతు మొదలవుతుంది. ట్రేలోని కాగితాలు తీసి అంచులు విదిలించి మళ్లీ పెడతారు. కార్ట్రిడ్జ్ బయటికి లాగి అటూ ఇటూ ఊపుతారు. డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ కొట్టి టకటకా రిఫ్రెష్ చేస్తారు. ప్రింట్ బటన్ ఇంకో మూడు నాలుగుసార్లు నొక్కుతారు. ఏదీ కుదరకపోతే అన్నీ బంద్ చేసి మళ్లీ ఆన్ చేస్తారు. వరుసలో నిలబడ్డ పెద్దాయన "గీ మిషన్ల కంటే చేతిరాతే నయముండె తమ్మీ" అని గొణుక్కుంటాడు.

చూసేవాళ్లకు ఇదంతా గుడ్డి నమ్మకం అనిపిస్తుంది. నిజానికి ఈ తంతులో కొన్నింటి వెనక గట్టి భౌతికశాస్త్రం ఉంది. కొన్ని సగమే నిజం. ఒకటి రెండు మాత్రం ఉత్తుత్తివే.

కాగితాలు విదిలించడంతోనే మొదలుపెడదాం, ఎందుకంటే ప్రింటర్ కష్టాల్లో పెద్ద వాటా కాగితానిదే. 75 జీఎస్ఎం (అంటే చదరపు మీటరుకు 75 గ్రాములు) ఏ4 కాగితాలు 500 ఉన్న రీమ్ బరువు సుమారు 2.3 కిలోలు. అందులో దాదాపు 5 శాతం నీరే. అంటే షాపు నుంచి తెచ్చిన రీమ్‌లో వంద గ్రాములకు పైగా నీళ్లు, ఒక ఇరానీ చాయ్ కప్పుకు సరిపడా, కంటికి కనబడకుండా ఉంటాయి. మిల్లువాళ్లు కావాలనే ఆ మాత్రం తేమ ఉంచుతారు. కాగితం సెల్యులోజ్ పీచుతో అయింది కాబట్టి చుట్టూ ఉన్న గాలిని బట్టి నీటిని పీలుస్తుంది, వదులుతుంది. కట్ట విప్పి బయట పెడితే ఒకటి రెండు రోజుల్లోనే మన ఊరి వాతావరణానికి వచ్చేస్తుంది.

మన దక్షిణ తెలంగాణలో ఆ వాతావరణం రెండు కొసలకూ ఊగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పాలమూరు వైపు వడగాలి వీచేటప్పుడు కాగితం ఎండిపోతుంది. పొడి కాగితాలు ఒకదానితో ఒకటి రాసుకుంటే స్థిర విద్యుత్తు పుట్టి అతుక్కుంటాయి. అప్పుడు రోలర్ ఒక్కటి లాగబోతే రెండు మూడు కలిసి లోపలికి పోతాయి. అంచులు విదిలిస్తే మధ్యలోకి గాలి చేరి కాగితాలు విడివడతాయి. కాబట్టి ఆ చిట్కాకు వందకు వంద మార్కులు.

ముసురు పట్టిన రోజుల్లో కథ తిరగబడుతుంది. తేమ ఎక్కిన కాగితం మీద అక్షరాలు పల్చగా, అక్కడక్కడ మచ్చలుగా వస్తాయి. కారణం తెలియాలంటే లేజర్ ప్రింటర్ లోపల ఏం జరుగుతుందో చూడాలి. లోపల ఒక డ్రమ్ము తిరుగుతుంటుంది. దాని పూత చీకట్లో విద్యుత్తును పట్టి ఉంచుతుంది, వెలుతురు తగిలిన చోట వదిలేస్తుంది. ముందు డ్రమ్ము అంతటికీ రుణావేశం ఎక్కిస్తారు. లేజర్ కిరణం అక్షరాలు రావాల్సిన చోట మాత్రమే ఆ ఆవేశాన్ని చెరిపేస్తుంది. రుణావేశం ఉన్న టోనర్ పొడి చెరిగిన చోట్లకే అంటుకుంటుంది. కాగితం అడుగున ఉన్న రోలర్ ధనావేశంతో ఆ పొడిని డ్రమ్ము మీద నుంచి కాగితం మీదికి లాగుతుంది. తడి కాగితం కొద్దోగొప్పో కరెంటును పోనిస్తుంది కాబట్టి ఆ లాగే ఆవేశం అక్కడ నిలవదు, పక్కలకు జారిపోతుంది. సగం పొడి డ్రమ్ము మీదే ఉండిపోతుంది. మనమేమో టోనర్ అయిపోయిందనుకుని కొత్త కార్ట్రిడ్జ్‌కు డబ్బులు పెడతాం.

చివరి మజిలీ ఫ్యూజర్. సుమారు 180 నుంచి 200 డిగ్రీల వేడితో పొడిని కరిగించి కాగితానికి అతికిస్తుంది. తేమ కాగితం ఆ వేడిలోంచి వస్తే బయటి ట్రే దగ్గర తెల్లగా సన్నటి తెరలు లేస్తాయి. "పొగొస్తుంది, బంద్ చెయ్" అని వరుసలోంచి కేకలు వినబడతాయి. వాసన లేకపోతే అది పొగ కాదు, ఆవిరి. రీమ్‌లో దాక్కున్న ఆ చాయ్ కప్పు నీళ్లే బయటికొస్తున్నాయి. రెండు వైపులా ప్రింట్ తీసేటప్పుడు రెండో వైపు ఎక్కువగా ఇరుక్కోవడానికీ ఇదే కారణం. ఒకసారి కాలిన కాగితం తేమ కోల్పోయి వంకర తిరిగి ఉంటుంది.

కొందరు కాగితాలను ఎండలో పెడతారు. అది వద్దు. మరీ ఎండి, చుట్టుకుపోయి, వేసవి సమస్యను వానాకాలంలోనే తెచ్చిపెడుతుంది. రీమ్ చుట్టూ ఉండే కవర్ లోపలి వైపు తేమ పోకుండా పూత ఉంటుంది. మిగిలిన కాగితాన్ని రాత్రి ట్రేలో వదిలేయకుండా ఆ కవర్లోనే చుట్టి పెడితే చాలు. ఖర్చు సున్నా. అయినా ఎన్నో దుకాణాల్లో ఆ కవర్ చింపి చెత్తబుట్టలో పడేయడమే మొదటి పని.

ఈ పొడి, ఆవేశం కథ కంప్యూటర్ల కన్నా పాతది. న్యూయార్క్‌లో పేటెంట్ ఆఫీసు కాగితాలు చేత్తో కాపీ చేసి విసిగిన చెస్టర్ కార్ల్‌సన్, 1938 అక్టోబర్ 22న గంధకం పూసిన జింకు పలకను బట్టతో రుద్ది ఆవేశం ఎక్కించాడు. తేదీ, ఆస్టోరియా అనే పేట పేరు రాసిన గాజు పలకను దాని మీద పెట్టి వెలుతురు పడనిచ్చి, సన్నటి పొడి చల్లాడు. అక్షరాలు తేలాయి. దీన్ని కొనే కంపెనీ కోసం ఏళ్ల తరబడి తిరిగాడు. ఆఫీసుల్లో నడిచే యంత్రం, జిరాక్స్ 914, వచ్చింది 1959లో. అదే కంపెనీలో గ్యారీ స్టార్క్‌వెదర్ దానికి లేజర్ జోడిస్తానంటే పైవాళ్లు వద్దన్నారు. కాలిఫోర్నియాలోని పరిశోధనశాలకు మారి 1971లో ఆ పని చేసి చూపించాడు.

కార్ట్రిడ్జ్ ఊపడం కూడా సరైన పనే. టోనర్ కణం సైజు 5 నుంచి 10 మైక్రాన్లు, మన వెంట్రుక మందంలో సుమారు పదో వంతు. వాడే కొద్దీ పొడి ఒక పక్కకు చేరి రెండో పక్క ప్రింట్ మసకబారుతుంది. అడ్డంగా పట్టుకుని మెల్లగా ఊపితే సమంగా పరుచుకుని ఇంకొన్ని పేజీలు వస్తాయి. ఇది సిరా కాదు, రంగు కలిపిన ప్లాస్టిక్ అని గుర్తుంచుకోవాలి. నల్లగొండలో ఎండ 44 డిగ్రీలు దాటిన రోజు మూసిన కారులో కార్ట్రిడ్జ్ వదిలేస్తే పొడి గడ్డకట్టే ప్రమాదం ఉంది. చొక్కా మీద పడితే దులిపి చన్నీళ్లతోనే ఉతకాలి. వేణ్నీళ్లు పోస్తే బట్టకు అంటుకుపోతుంది.

ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు లాగే కరెంటు కూడా తక్కువేం కాదు. ప్రింట్ కొట్టగానే ట్యూబ్‌లైట్ ఒక్క క్షణం మిణుకుమనేది అందుకే. 600 వీఏ అని రాసి ఉన్న మామూలు యూపీఎస్ ఇవ్వగలిగేది సుమారు 360 వాట్లు. ఫ్యూజర్‌కు అంతకంటే చాలా ఎక్కువ కావాలి. లేజర్ ప్రింటర్‌ను యూపీఎస్‌కు తగిలిస్తే కరెంటు పోయినప్పుడు ప్రింటర్‌తో పాటు కంప్యూటర్ కూడా ఠక్కున ఆగిపోతుంది. దాన్ని నేరుగా గోడ ప్లగ్గుకే పెట్టాలి. ఇంక్ ట్యాంకు ప్రింటర్లకు ఈ బాధ లేదు. వాటి బాధల్లా వేసవిలో నాజిల్స్ ఎండిపోవడం. వారానికి ఒక కలర్ పేజీ తీస్తే, హెడ్ క్లీనింగ్ పేరుతో పారబోసే ఇంకు మిగులుతుంది.

ఇక బుధవారం సంగతి. మైక్రోసాఫ్ట్ 2003 అక్టోబర్ నుంచి నెలలో రెండో మంగళవారం నాడు విండోస్ భద్రతా అప్‌డేట్లు వదులుతోంది. అవి వచ్చేది అమెరికా పడమటి తీరంలో పొద్దున 10 గంటలకు, అంటే మనకు రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. అప్పటికి మిర్యాలగూడలోనో జడ్చర్లలోనో షట్టర్ దించేసి ఉంటారు. తెల్లారి సిస్టం ఆన్ చేయగానే ఆ సామానంతా దిగడం మొదలవుతుంది. ఇంటర్నెట్ నెమ్మదిస్తుంది, ఫ్యాన్ హోరెత్తుతుంది, "సర్వర్ డౌన్ ఉంది" అని వచ్చినవాళ్లను పంపించేస్తారు. ఆ పొద్దున సర్వర్‌కు ఏ జబ్బూ లేకపోవచ్చు. ఇంకో చిక్కు, విండోస్ 10లో యాక్టివ్ అవర్స్, అంటే అప్‌డేట్ కోసం దానంతటది రీస్టార్ట్ కాకుండా ఉండే వేళలు, ముందుగానే పొద్దున 8 నుంచి సాయంత్రం 5 అని పెట్టి ఉండేవి. ఆఫీసులకు అది సరే. సాయంత్రం ఆరింటికి గిరాకీ పెరిగే దుకాణానికి అదెలా సరిపోతుంది? సెట్టింగ్స్‌లో దాన్ని 18 గంటల దాకా పెంచుకోవచ్చు.

అప్‌డేట్ తర్వాత రీస్టార్ట్ ఎందుకు అడుగుతుంది? వాడుకలో ఉన్న ఫైల్‌ను విండోస్ మార్చనివ్వదు. వ్యవస్థ నడవడానికి కావలసిన ఫైళ్లన్నీ ఎప్పుడూ వాడుకలోనే ఉంటాయి కాబట్టి, కొత్తవి పక్కన సిద్ధం చేసుకుని, అన్నీ ఆగి మళ్లీ మొదలయ్యే ఆ కాస్త సందులో మార్చేస్తుంది. ఇక్కడే ఆన్ ఆఫ్ చిట్కాలో ఒక మెలిక ఉంది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి షట్‌డౌన్ కొడితే కంప్యూటర్ పూర్తిగా ఖాళీ కాదు. తొందరగా ఆన్ కావడం కోసం లోపలి ముఖ్యభాగాన్ని, డ్రైవర్ల (ప్రింటర్ లాంటివాటిని నడిపించే ప్రోగ్రాముల) స్థితితో సహా, డిస్కులో దాచి మళ్లీ అదే తెచ్చి పెట్టుకుంటుంది. చిక్కుబడ్డ ప్రింటర్ డ్రైవర్ చిక్కుతోనే తిరిగి లేస్తుంది. రీస్టార్ట్ కొడితే మాత్రం అంతా కొత్తగా మొదలవుతుంది. రోజూ రాత్రి షట్‌డౌన్ చేసేవాళ్లు "రోజూ బంద్ చేస్తనే ఉన్న గదా" అని వాదిస్తారు. వాళ్ల మాట నిజమే, బటన్ వేరు.

ప్రింట్ బటన్ పదేపదే నొక్కడం మాత్రం శుద్ధ దండగ. మనం పంపింది నేరుగా ప్రింటర్‌కు పోదు. ముందు స్పూలర్ అనే ప్రోగ్రామ్ దాన్ని డిస్కులో వరుసలో పెడుతుంది. ముందున్న ఫైల్ చెడిపోతే వెనకున్నవన్నీ ఆగుతాయి. మళ్లీ నొక్కితే వరుస పెరుగుతుంది అంతే. చిక్కు విడిన మరుక్షణం బ్యాంకు స్టేట్‌మెంట్ నాలుగు ప్రతులూ బుసబుసా వచ్చి పడతాయి. సర్వీసెస్‌లో ప్రింట్ స్పూలర్‌ను ఆపి, వరుసలోని ఫైళ్లు చెరిపి, మళ్లీ మొదలుపెట్టడం దీనికి అసలు మందు.

ఈ స్పూలర్ మామూలుది కాదు. కంప్యూటర్‌లో అత్యున్నత అధికారాలతో నడుస్తుంది. అందుకే దొంగలకు దాని మీద కన్ను. 2021 జూన్ చివర్లో ప్రింట్‌నైట్‌మేర్ అనే లోపం బయటపడితే, మైక్రోసాఫ్ట్ రెండో మంగళవారం దాకా ఆగకుండా జూలై 6న అప్‌డేట్ ఇచ్చింది, మద్దతు ముగిసిన విండోస్ 7కు కూడా. ఆగస్టు 10 నుంచి ప్రింటర్ డ్రైవర్ ఎక్కించడానికి అడ్మిన్ అధికారం తప్పనిసరి చేసింది. సెప్టెంబర్ 14 అప్‌డేట్‌తో ఒక సిస్టంకు తగిలించిన ప్రింటర్‌ను పక్క సిస్టంలు పంచుకోవడమే చాలాచోట్ల ఆగిపోయింది. 11బితో ముగిసే ఎర్రర్ కోడ్ అప్పుడు ప్రపంచమంతా మోగింది. చాలామంది ఆ అప్‌డేట్‌నే తీసేశారు. తాళం మార్చారని తలుపే పీకేసినంత పని.

అలా తీసేసినవాళ్లలో కొందరు అప్‌డేట్లు శాశ్వతంగా ఆపేసి ఊరుకుంటారు. ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వానాక్రై వైరస్ 2017 మే 12న విరుచుకుపడింది. దాన్ని ఆపే అప్‌డేట్ మార్చి 14నే వచ్చి ఉంది. దాదాపు రెండు నెలలు ఎక్కించుకోనివాళ్లే ఎక్కువగా దెబ్బతిన్నారు. అటు, గుడ్డిగా ఎక్కించుకోవడంలోనూ ప్రమాదం లేకపోలేదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక్క తప్పు ఫైల్‌తో 85 లక్షల విండోస్ యంత్రాలు పడిపోయాయి. మన పాలమూరు రోడ్డు మీది శంషాబాద్ విమానాశ్రయంలో ఆ రోజు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. నా లెక్క ఇది: దరఖాస్తుల గడువు వారమైతే అప్‌డేట్‌ను ఆ ఒక్క వారం పాజ్ చేయాలి. ఆ బటన్ అందుకే ఉంది. నెలల తరబడి ఆపడం తెలివి కాదు.

తెలుగువాళ్లకు అప్‌డేట్ మీద మరో జ్ఞాపకం ఉండాలి. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అక్షరానికి ఒక రూపం తెర మీదికి రాగానే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయేవి. జ, పొల్లు, ఞ, కంటికి కనబడని ఒక సంకేతం, ఆపై దీర్ఘం, ఈ వరుసను గీయలేక చేతులెత్తేసేవి. ఆపిల్ ఫిబ్రవరి 19న 11.2.6 వెర్షన్ పంపి సరిచేసింది.

రిఫ్రెష్ మిగిలింది. అది డెస్క్‌టాప్ మీది బొమ్మలను మళ్లీ గీస్తుంది, అంతే. మెమరీ ఖాళీ కాదు, వేగం పెరగదు, ప్రింటర్‌కు కబురైనా అందదు. వేళ్లకు వ్యాయామం.

విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇళ్లలో వాడుకునేవాళ్లు నమోదు చేసుకుంటే భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు వస్తాయి. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ సదుపాయం కావాలి, ఇంటెల్ అయితే చాలావరకు 8వ తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండాలి. చాలా టేబుళ్ల మీది పాత డబ్బాలకు అవి లేవు. పక్కనున్న లేజర్ ప్రింటర్‌కు మాత్రం అలాంటి గడువేమీ లేదు. డ్రమ్ము, టోనర్ మారుస్తూ, కాగితాన్ని కవర్లో ఉంచుతూ, డ్రైవర్ దొరికినంత కాలం లాగించొచ్చు.