మచ్చ లెన్స్ మీద కాదు, సెన్సర్ మీద ఉంది

ఆకాశం ఫోటో తీస్తే ఒక మూల బూడిద రంగు మచ్చ, తర్వాత ఫోటోలో కూడా అక్కడే, లెన్స్ తుడిచినా అక్కడే. చాలామంది ఇంకా గట్టిగా లెన్సే రుద్దుతుంటారు, దయచేసి ఆపండి, కోటింగ్ పాడవుతుంది. లెన్స్ ముందు గాజు మీద నలుసు మామూలుగా ఫోటోలో మచ్చలా పడదు, అంత దగ్గర వస్తువు ఫోకస్‌లోకి రాదు కాబట్టి. లెన్స్ మార్చినా మచ్చ అక్కడే ఉందంటే అది సెన్సర్ (కెమెరా లోపల వెలుగుని ఫోటోగా మార్చే చిప్) ముందు ఉండే పల్చటి ఫిల్టర్ గాజు మీద దుమ్ము.

ఇదే మచ్చ ఎఫ్/2లో, అంటే లెన్స్‌లో వెలుగొచ్చే రంధ్రం (అపర్చర్) బాగా తెరిచి తీసిన ఫోటోలో కనపడదు, ఆ రంధ్రం బాగా చిన్నదయ్యే ఎఫ్/22లో కొట్టొచ్చినట్టు కనపడుతుంది, ఎందుకో తెలిస్తే భలే ఉంటుంది. గద్ద నేలకి దగ్గరగా ఎగిరితే నీడ స్పష్టంగా పడుతుంది, బాగా పైకెళ్తే అసలు నీడే కనపడదు కదా, సూర్యుడు చుక్కలా కాకుండా బిళ్ళలా ఉన్నాడు కాబట్టి పక్కల నుంచి వెలుగొచ్చి నీడని చెరిపేస్తుంది. కెమెరాలో ఆ బిళ్ళ అపర్చరే. ఫిల్టర్ పై గాజు సెన్సర్‌కి 2 మిల్లీమీటర్ల పైన ఉందనుకుందాం, ఎఫ్/2లో ఒక పిక్సెల్‌కి వచ్చే వెలుగు ఆ గాజు దగ్గర సుమారు 1 మిల్లీమీటరు వెడల్పులో పరుచుకుని ఉంటుంది, 0.05 మిల్లీమీటర్ల నలుసు అందులో ఆపేది 0.25 శాతమే. ఎఫ్/22లో ఆ వెడల్పు 0.09కి తగ్గిపోతుంది, అదే నలుసు దాదాపు మూడో వంతు వెలుగు ఆపేస్తుంది. దుమ్ము మారలేదు, నీడ ముదిరింది.

అందుకే టెస్ట్ కూడా ఇలాగే చెయ్యాలి: తక్కువ ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ స్పందించే స్థాయి సెట్టింగ్), ఎఫ్/22, మాన్యువల్ ఫోకస్‌లో కావాలనే అవుట్ ఆఫ్ ఫోకస్ చేసి తెల్ల గోడనో ఖాళీ ఆకాశాన్నో తీసి జూమ్ చేసి చూడండి. మచ్చ ఫోటోలో పైన ఉంటే, ముందు నుంచి చూస్తే నలుసు సెన్సర్ కింది భాగంలో ఉంటుంది, లెన్స్ బొమ్మని తలకిందులు చేస్తుంది కాబట్టి. ఎడమ కుడి మాత్రం మారవు, ఎదురుగా నిలబడి చూస్తున్నాం కదా.

ముందు కెమెరాలో ఉన్న సెన్సర్ క్లీనింగ్ ఆన్ చెయ్యండి, ఆ గాజుని అల్ట్రాసోనిక్ వేగంతో వణికించి దుమ్ము దులుపుతుంది, 2003లో ఒలింపస్ ఈ-1 కెమెరాతో వచ్చిన పద్ధతి ఇది. పొడి దుమ్ముకి బాగా పనిచేస్తుంది, జిడ్డుకి పనిచెయ్యదు. పోకపోతే బ్యాటరీ ఫుల్ చేసుకుని క్లీనింగ్ మోడ్‌లో పెట్టి, లెన్స్ తీసేసి కెమెరా నోరు కిందకి ఉంచి రబ్బరు బ్లోయర్‌తో ఊదాలి. నోటితో ఊదితే తుంపర్లు పడతాయి, స్ప్రే డబ్బా గాలి అయితే అందులోని ద్రవం గాజు మీద చిమ్ముతుంది, రెండూ వద్దు.

ఇంకా పోనిదానికే తడి స్వాబ్ (సెన్సర్ తుడవడానికి మెత్తటి గుడ్డ చుట్టిన పుల్ల). సెన్సర్ సైజుకి సరిపోయేది తీసుకుని రెండు చుక్కల క్లీనింగ్ లిక్విడ్ వేసి ఒక చివర నుంచి ఇంకో చివరకి ఒక్కసారి మెల్లగా లాగండి, తిరిగొచ్చేటప్పుడు స్వాబ్ రెండో వైపు వాడండి, లేకపోతే తుడిచిన మురికే మళ్ళీ పులుముతారు. అయ్యాక మళ్ళీ ఎఫ్/22లో ఇంకో ఫోటో తీసి పాతదాని పక్కన పెట్టి చూడండి, మచ్చ జరిగి ఇంకోచోట కనిపిస్తే నలుసు వదిలింది కానీ బయటికి పోలేదు, ఇంకోసారి బ్లోయర్ పట్టాల్సిందే.