ఏసీలో గ్యాస్ అయిపోదు

కిందటేడు ఏప్రిల్‌లో మా ఇంట్లో ఏసీ నడుస్తున్నా గది చల్లబడటం మానేసింది. మెకానిక్ వచ్చి రిమోట్ అటూ ఇటూ నొక్కి, మూత కూడా తీయకుండానే "గ్యాస్ అయిపోయిందండీ, నింపాలి" అన్నాడు. అంతకు ముందు ఏడాది కూడా ఇదే మాట నమ్మి డబ్బు కట్టాం. ఈసారి ఆగమని చెప్పి, నేనే మూత ఎత్తి ఫిల్టర్ బయటికి లాగాను. జల్లెడ కళ్లు కనపడితే ఒట్టు! పాత దుప్పటి ముక్క పరిచినట్టు బూడిదరంగు దుమ్ము. కుళాయి కింద కడిగి, నీడలో ఆరబెట్టి బిగించాను. అరగంటలో గది చల్లబడింది.

ఏసీలో గ్యాస్ వంటగ్యాస్‌లా కాలి ఖర్చయ్యేది కాదు. మూసేసిన రాగి గొట్టాల్లో ఉన్న గ్యాసే తిరుగుతూ ఉంటుంది. గదిలోని కాయిల్‌లో ఆవిరవుతూ వేడిని పీల్చుకుంటుంది, బయటి యూనిట్‌లో ఆ వేడిని వదిలేసి మళ్లీ ద్రవమవుతుంది. పదేళ్లయినా దాని బరువు తగ్గకూడదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. గొట్టాల అతుకుల దగ్గర సబ్బు నురగ పెట్టి, బుడగ ఎక్కడ లేస్తుందో చూసి, దాన్ని మూశాకే గ్యాస్ నింపాలి. లేదంటే అది చిల్లుకుండలో నీళ్లు పోయడమే. నష్టం మన జేబుకే కాదు. ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా వాడే ఆర్-32 అనే గ్యాస్ ఒక్క కిలో గాల్లో కలిస్తే, వందేళ్ల లెక్కన 675 కిలోల కార్బన్ డయాక్సైడ్ అంత వేడిని భూమికి అంటగడుతుంది.

అసలు ఈ యంత్రం పుట్టింది మనుషుల కోసం కాదు. 1902లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో గాలి తేమకు కాగితం ఉబ్బి, రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడేవి కావు. ఆ తేమను అదుపు చేయడానికి విల్లిస్ క్యారియర్ దీన్ని రూపొందించాడు. విశాఖలోనో విజయవాడలోనో ఉక్కపోతకు అల్లాడేవాళ్లకు ఈ సంగతి బాగా పనికొస్తుంది. డ్రైన్ పైపు కింద బకెట్ పెట్టి చూడండి. గంటకు లీటరు నీళ్లు పడుతున్నాయంటే, ఒక టన్ను ఏసీ శక్తిలో దాదాపు ఐదో వంతు ఆ తేమను నీరుగా మార్చడానికే పోతోందన్నమాట.

టన్ను అంటే ఏసీ బరువు కాదు. 907 కిలోల ఐసును ఒక రోజులో కరిగించేంత వేడిని లాగే శక్తి. ఐసు అమ్మే రోజుల నాటి కొలత అలాగే నిలిచిపోయింది. చిన్న గదికి రెండు టన్నులది పెడితే ఇంకా హాయి అనుకుంటారు గానీ, అది కాసేపట్లోనే గదిని చల్లబరిచి కంప్రెసర్ ఆపేస్తుంది. తేమ లాగే టైమే దొరకదు. గది చల్లగా, ఒళ్లు జిగటగా ఉంటుంది. ఇన్వర్టర్ ఏసీ వేగం తగ్గించుకుని నడుస్తుంది కాబట్టి కొంత నయం. దానికీ ఒక హద్దుంది.

రామగుండంలో మే నెల పొడి వేడికి మాత్రం కూలరే చాలాసార్లు సరిపోతుంది. నీరు ఆవిరి కావడానికి అక్కడి గాల్లో చోటుంది, విశాఖ గాల్లో లేదు. పైగా సముద్రం పక్కన ఉప్పుగాలి బయటి యూనిట్ రెక్కల్ని తినేస్తుంది. అక్కడ పూత ఉన్న కాయిల్ అడిగి తీసుకోవాలి, మంచినీళ్లతో అప్పుడప్పుడూ కడిగించాలి.

పై అంతస్తులో ఉండేవాళ్లు ఏసీ కంటే ముందు స్లాబు సంగతి చూడాలని నా గట్టి నమ్మకం. పగలంతా ఎండ తాగిన కాంక్రీటు ఆ వేడిని రాత్రి గదిలోకి దింపుతుంది, ఏసీ దానితో తెల్లవార్లూ కుస్తీ పడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్, అంటే ఎండను తిప్పికొట్టే పైకప్పుల విధానం తెచ్చింది అందుకే. ఈ ఫిబ్రవరిలో మా డాబా మీద రెండు పూతలు తెల్ల సున్నం వేయించాం. మొన్న రాత్రి పదింటికి స్టూలెక్కి సీలింగుకు అరచెయ్యి ఆనించాను. కిందటేడు ఇదే వేళకు పెనంలా ఉన్న చోటు, గోరువెచ్చగా తగిలింది.