కంచు పలక మీద లేని పొలాలు

న్యూయార్క్ రాష్ట్రంలోని ఫింగర్ లేక్స్ ప్రాంతంలో రోడ్ల పక్కన అక్కడక్కడా గ్రానైట్ బండలు కనిపిస్తాయి. బండకు బిగించిన కంచు పలక మీద 1779లో అమెరికన్ సేనానులు జనరల్ సలివన్, జనరల్ క్లింటన్ సేనలు నడిచిన దారి పటం ఉంటుంది. నూటయాభై ఏళ్లు నిండిన సందర్భంగా 1929లో వాటిని నిలిపారు. శత్రు ఇండియన్ జాతుల మీద, అంటే అమెరికా మూలవాసుల మీద, దండయాత్ర అని చెబుతూ, అది అమెరికా ఏలుబడిని పడమటికి విస్తరించిందని పలక ముగుస్తుంది. నా దృష్టిలో అసలు చరిత్ర ఆ చివరి మాటలోనే ఉంది.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ఇరోక్వాయ్ అని కూడా పిలిచే హౌడెనోషోనీ మూలవాసుల ఆరు జాతుల కూటమిని చీల్చింది. ఒనైడా, టస్కరోరాలలో ఎక్కువమంది అమెరికన్ల వైపు, తక్కిన నాలుగు జాతులలో (మోహాక్, ఒనొండాగా, కయుగా, సెనెకా) ఎక్కువమంది బ్రిటిష్ వారి వైపు నిలిచారు. 1778లో పెన్సిల్వేనియాలోని వయోమింగ్ లోయ మీద, న్యూయార్క్‌లోని చెర్రీ వ్యాలీ మీద బ్రిటిష్ పక్షం వాళ్లు దాడులు చేశారు. చెర్రీ వ్యాలీలో ఆడవాళ్లు, పిల్లలు కూడా చనిపోయారు. ఆ దుఃఖం నిజమైనదే. కానీ 1779 మే 31న అమెరికన్ సర్వసేనాని వాషింగ్టన్ సలివన్‌కు ఇచ్చిన ఆదేశం దాడి చేసినవారితో ఆగలేదు. ఊళ్లను సమూలంగా నాశనం చేయాలి, చేలోని పంటను పాడుచేయాలి, మళ్లీ విత్తనం వేయనివ్వకూడదు, వయసూ ఆడామగా తేడా చూడకుండా వీలైనంతమందిని బందీలుగా పట్టాలి.

క్లింటన్ మనుషులు ఒట్సెగో సరస్సు నుంచి నది బయలుదేరే చోట అడ్డుకట్ట వేసి, ఆగస్టులో దాన్ని తెంచి, ఆ వరద మీద 200కు పైగా పడవలను కిందికి నడిపారు. పెద్ద యుద్ధమంటూ జరిగింది ఆగస్టు 29న న్యూటౌన్ దగ్గర ఒక్కటే. ఆ తర్వాత అంతా కొరివి, గొడ్డలి. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి పెంచిన పొలాలవి. కోసిన పొత్తులను ఇళ్లలో కుప్పపోసి ఇంటితో సహా తగలబెట్టారు. కయుగా సరస్సు ఒడ్డున ఒక్క ఊళ్లోనే దాదాపు 1,500 పీచు చెట్లు నరికారు. 40 ఊళ్లు, 1,60,000 బుషెళ్ల (బుషెల్ ధాన్యపు కొలత) మొక్కజొన్న నాశనం చేశామని సలివన్ నివేదించాడు. ఇల్లూ గింజా పోయినవాళ్లు వేల సంఖ్యలో బ్రిటిష్ వారి నయాగరా కోట చుట్టూ చేరారు. ఆ చలికాలం అసాధారణమైనది. చాలామంది ఆకలికి, చలికి చనిపోయారు.

ఆ నేల సారం సైనికుల కంటపడింది. యుద్ధం ముగిశాక కయుగా, ఒనొండాగాల నేలలోనే న్యూయార్క్ ప్రభుత్వం తన మాజీ సైనికులకు 600 ఎకరాల కమతాలు పంచింది.

1790లో సెనెకా నాయకుడు కార్న్‌ప్లాంటర్ అధ్యక్షుడు వాషింగ్టన్‌తోనే అన్నాడు: మేము నిన్ను ఊళ్లను నాశనం చేసేవాడని పిలిచాం. నేటికీ ఆ పేరు వింటే మా ఆడవాళ్లు వెనక్కి తిరిగి చూసి పాలిపోతారు, మా పిల్లలు తల్లుల మెడలను గట్టిగా పట్టుకుంటారు.